పసిమెదడులో కణాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల అంశం ఎదిగే పిల్లల మెదడులోని కణాల రకాలు. ఉత్తరాలు దాదాపు అన్నీ బెంగళూరు తెలుగువాళ్ల నుంచే వచ్చాయి. కొన్ని తల్లిదండ్రులవి, కొన్ని ల్యాబుల్లో చేయి పెట్టి పనిచేసేవాళ్లవి. ల్యాబు వాళ్లకిచ్చిన జవాబులు కాస్త ఘాటుగానే ఉంటాయి. అక్కర్లేనివాళ్లు దాటేయొచ్చు.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. వాడి స్కూల్లో పది వేళ్ల ముద్రలూ తీసుకుని ఓ రిపోర్టు ఇచ్చారు. మెదడులో ఏ భాగంలో ఎంత శాతం కణాలున్నాయో అందులో రాశారు. లెక్కల వైపు తక్కువ, సంగీతం వైపు ఎక్కువట. నిజంగా అలా లెక్కపెట్టొచ్చా? (ఓ తల్లి, మారతహళ్లి)

జవాబు: కుదరదండీ. వేలిముద్ర చూసి మెదడు కణాలు లెక్కగట్టే పద్ధతంటూ ఏదీ లేదు. ఈ పరీక్ష అమ్మేవాళ్లు ఒక వాదన చెబుతారు. చర్మమూ మెదడూ పిండంలో ఒకే పొర నుంచి వస్తాయి, వేలిగీతలూ మెదడూ ఒకే సమయంలో ఏర్పడతాయి, కాబట్టి ఒకదాన్ని చూస్తే రెండోది తెలిసిపోతుందని. మొదటి మాట నిజమే. మిగతాది దాన్నుంచి రాదు. వేలిగీతలు గర్భంలో సుమారు 10వ వారం నుంచి 17వ వారం లోపు స్థిరపడిపోతాయి. పెద్దమెదడు పైపొరకు చెందిన న్యూరాన్లు ఆ తర్వాత కూడా వారాల తరబడి పుడుతూనే ఉంటాయి. న్యూరాన్ల తంతువులకు కొవ్వు తొడుగు వేసే కణాలైతే బిడ్డ పుట్టాక ఏళ్ల తరబడి తయారవుతాయి. గీతలు గట్టిపడ్డాక జరిగిన సంగతి గీతల్లో ఎలా ఉంటుంది?

కణాలను నిజంగా లెక్కపెట్టాలంటే మెదడే చేతిలో ఉండాలి. చనిపోయినవారి మెదడును డిటర్జెంటు ద్రవంలో నూరి, కేంద్రకాలు మాత్రమే మిగిలే ద్రావణం చేసి, చుక్క తీసి మైక్రోస్కోపు కింద లెక్కిస్తారు. 2009లో బ్రెజిల్ బృందం ఇలాగే పెద్దవాళ్ల మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లని తేల్చింది. అందులో 6,900 కోట్లు చిన్నమెదడులోనే ఉన్నాయి. ఆలోచనకు ఆధారమని మనం చెప్పుకునే పెద్దమెదడు పైపొర, అంటే కార్టెక్స్‌లో ఉన్నవి 1,600 కోట్లే. అంటే ఎక్కువ కణాలుంటే ఎక్కువ తెలివి అన్న లెక్క మనిషి మెదడుకే సరిపోదు. ఫీజు ఇంకా కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే ఆ కాగితం బాబు కంట పడనీయకండి. చదువులో నిజంగా ఇబ్బంది కనిపిస్తే పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: పదో తరగతికి న్యూరాన్, దానికి ఆసరాగా ఉండే గ్లియా అని రెండు రకాలే చెబుతాం. ఇప్పుడు మూడు వేల రకాలంటున్నారు. ఇవి పిల్లలు ఎదిగేకొద్దీ పెరుగుతాయా, తగ్గుతాయా? (జీవశాస్త్రం ఉపాధ్యాయుడు, కె.ఆర్. పురం)

జవాబు: మీరు చెప్పే మూడు వేలు 2023 అక్టోబరులో వెలువడిన పెద్దవాళ్ల మెదడు అట్లాసులోది. మెదడులో వంద చోట్ల నుంచి 30 లక్షలకు పైగా కేంద్రకాలు తీసి, ఒక్కోదానిలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదివి, పోలికను బట్టి గుంపులు కట్టారు. 461 గుంపులు, వాటిలో 3,313 ఉపగుంపులు వచ్చాయి. ఈ రెండో అంకెను బట్టీ పట్టించకండి మాస్టారూ. ఎంత సన్నంగా విడగొట్టమని కంప్యూటరుకు చెబితే అన్ని వస్తాయి. గట్టిగా నిలిచే విషయం వేరే ఉంది. వైవిధ్యం మనం అనుకునే కార్టెక్స్‌లో కంటే మెదడు కాండం, మధ్యమెదడు వైపు ఎక్కువగా కనిపించింది.

పిల్లల విషయానికొస్తే, పెరుగుతాయా తగ్గుతాయా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. అదే కణం వయసుతో పాటు వేషం మారుస్తుంది. కార్టెక్స్ న్యూరాన్లు దాదాపు అన్నీ పుట్టుకకు ముందే పుట్టేస్తాయి. వాటిని కన్న రేడియల్ గ్లియా కణాలు పని ముగిశాక తామే గ్లియా వైపు తిరుగుతాయి. పొరలు సరిగ్గా కుదరడానికి రీలిన్ అనే ప్రోటీన్ వదిలే కహాల్-రెట్జియస్ కణాలు చాలావరకు చచ్చిపోతాయి. మిగతా న్యూరాన్ల ఉత్తేజాన్ని అణిచే ఇంటర్‌న్యూరాన్లలో కొన్ని బిడ్డ పుట్టాక కూడా తొలి నెలల్లో ముందుభాగం వైపు ప్రయాణిస్తూనే ఉంటాయని 2016లో చూపించారు. చిన్నమెదడు పైన కణికల్లాంటి కణాలు పుట్టే పొర ఒకటుంటుంది, అది మొదటి ఏడాదిలో క్రమంగా కరిగిపోతుంది. మైక్రోగ్లియా అసలు మెదడు సంతానమే కాదు, పిండదశలో పచ్చసొన సంచి నుంచి వచ్చి స్థిరపడ్డ కాపలాదారు.

క్లాసులో చెప్పదగ్గ చిత్రమైన సంగతి గాబా అనే మెదడు రసాయనం గురించి. పెద్దవాళ్ల మెదడులో గాబా కణాన్ని చల్లబరుస్తుంది. ఇంకా ఎదగని న్యూరాన్‌లో క్లోరైడు ఎక్కువగా నిండి ఉండటం వల్ల అదే గాబా దాన్ని ఉత్తేజపరుస్తుంది. క్లోరైడును బయటికి తోడే పంపు ప్రోటీన్ పెరిగాక గుణం తిరగబడుతుంది. రసాయనం అదే, కణం వయసే మారింది. నవజాత శిశువుల్లో ఫిట్స్‌కు గాబా మీద పనిచేసే మందులు కొన్నిసార్లు ఆశించినంత పనిచేయకపోవడానికి ఇది ఒక కారణమని భావిస్తారు.

పిల్లలకు చూపించడానికి రెండు చోట్లు. నిమ్హాన్స్‌లో న్యూరోపాథాలజీ విభాగానికి మెదడు మ్యూజియం ఉంది, ముందుగా అడిగి తీసుకెళ్లండి. కంప్యూటరుంటే ఐఐటీ మద్రాసు సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ వాళ్ల ‘ధరణి’ అట్లాసు తెరవండి. గర్భస్థ శిశువుల మెదళ్లను సన్నగా కోసి డిజిటల్‌గా మార్చిన 5,132 కోతలను 2024 డిసెంబరులో అందరికీ ఉచితంగా పెట్టారు. పెద్దది చేసుకుంటూ పోతే విడివిడి కణాల దాకా వెళ్లొచ్చు.

ప్రశ్న: ఓ ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటుని. గడ్డకట్టించిన కార్టెక్స్ ముక్కల నుంచి కేంద్రకాలు తీస్తున్నాను. రెండు నెలల శిశువు ముక్కకి చక్కగా వస్తున్నాయి. పదహారేళ్ల అబ్బాయి ముక్కకి మాత్రం అంతా చెత్త, పైగా ఉండలు కట్టేస్తున్నాయి. ఎక్కడ తేడా కొడుతోంది? అసలు పూర్తి కణాలే ఎందుకు తీయకూడదు? (యలహంక)

జవాబు: రెండోది ముందు. ముక్క గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు కణం పైపొరను చీల్చేస్తాయి. కేంద్రకం పొర చాలావరకు నిలుస్తుంది. తాజా ముక్క దొరికినా, ఎదిగిన న్యూరాన్ల కొమ్మలు పందిరి మీద మల్లెతీగల్లా పెనవేసుకుని ఉంటాయి. ఎంజైముతో విడదీయబోతే పెద్ద న్యూరాన్లే ముందు పోతాయి. గ్లియా మిగిలి లెక్క అటు వంగిపోతుంది. కేంద్రకాలతో పోయేదీ ఉంది. కణద్రవ్యంలోని ఆర్‌ఎన్‌ఏ దొరకదు, మైక్రోగ్లియా రెచ్చిపోయినప్పుడు వెలిగే జన్యువులు కొన్ని తక్కువగా కనిపిస్తాయి. ఆ ప్రశ్న మీది కానప్పుడు కేంద్రకాలే మేలు.

ఇక మీ చెత్త సంగతి. అది మైలిన్, అంటే న్యూరాన్ల తంతువుల మీది కొవ్వు తొడుగు. రెండు నెలల శిశువు కార్టెక్స్‌లో తొడుగు ఇంకా అంతంతమాత్రం. పదహారేళ్లకి కింది పొరల్లోనూ, వాటి కిందున్న తెల్లభాగంలోనూ దట్టంగా ఉంటుంది. నూరినప్పుడు ఈ కొవ్వు తునకలై 40 మైక్రాన్ల జల్లెడలోంచి కూడా జారిపోయి కేంద్రకాలకు అంటుకుంటుంది. దాన్ని వదిలించాలని మీరు మరో పది దెబ్బలు ఎక్కువ నూరి ఉంటారు. దాంతో కేంద్రకాలు చిట్లి డీఎన్‌ఏ బయటికొస్తుంది. ఆ జిగురే ఉండలు కట్టిస్తోంది.

ముక్క 50 నుంచి 100 మిల్లీగ్రాములు చాలు. పొడిమంచు మీదే కోయండి. కరిగి మళ్లీ గడ్డకట్టిందంటే ఆర్‌ఎన్‌ఏ పోయినట్టే. కోసేముందు ఫొటో తీసుకుని తెల్లభాగం ఎంత వచ్చిందో చూడండి, బ్లేడుతో గీకి తీసేయగలిగితే సగం బాధ అక్కడే తీరుతుంది. ద్రావణం మామూలుదే: 250 మిల్లీమోలార్ సుక్రోజు, 25 పొటాషియం క్లోరైడు, 5 మెగ్నీషియం క్లోరైడు, పీహెచ్ 8 దగ్గర 10 ట్రిస్, 1 డీటీటీ, 0.1 శాతం ట్రైటాన్, ఆర్‌ఎన్‌ఏస్ నిరోధకం. నిరోధకాన్ని వాడే ముందు మాత్రమే కలపండి. 2 మిల్లీలీటర్ల గాజు డౌన్స్‌ను (రోకలితో నూరే గొట్టం) మంచులో ముందే చల్లబరిచి, వదులు రోకలితో ఐదు నుంచి పది, బిగుతు రోకలితో పది నుంచి పదిహేను దెబ్బలు. రోకలిని ద్రవం పైకి లేపొద్దు, నురగ వస్తే కేంద్రకాలు చితుకుతాయి. డిటర్జెంటులో మొత్తం సమయం ఐదు నిమిషాలు దాటనీయకండి.

తర్వాత వడకట్టి, 25 శాతం ఐయోడిక్సనాల్ (సాంద్రత ఎక్కువున్న ద్రవం) అయ్యేలా కలిపి, 29 శాతం పొర మీద మెల్లగా పరిచి, 4 డిగ్రీల దగ్గర 13,500 జీలో ఇరవై నిమిషాలు తిప్పండి. మైలిన్ పైన తెట్టులా నిలుస్తుంది, కేంద్రకాలు అడుక్కి దిగుతాయి. ముందు ఆ తెట్టును పూర్తిగా పీల్చేయండి, ట్యూబు గోడలను కూడా తుడవండి, ఆ తర్వాతే అడుగు ముట్టుకోండి. చాలామంది ఇక్కడే తొందరపడి చెత్తను మళ్లీ కలిపేసుకుంటారు. 1 శాతం బీఎస్‌ఏ కలిపిన పీబీఎస్‌లో, వెడల్పు మూతి టిప్పుతో, నెమ్మదిగా పైకి తీయండి. డీఎన్‌ఏకి అంటే డాపీ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే అంచు నున్నగా గుండ్రంగా ఉండాలి. బుడగల్లా ఉబ్బి ఉంటే డిటర్జెంటు ఎక్కువైంది. మైక్రోలీటరుకు వెయ్యి దరిదాపుల్లో ఉంటే చిప్‌లోకి వేయొచ్చు.

ఇంతకంటే ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. శిశువు ముక్కకి ఐయోడిక్సనాల్ అక్కర్లేదు కదా అని దానికి మానేసి, పెద్ద పిల్లలకు మాత్రమే వాడితే, రేపు కనిపించే తేడా వయసు వల్లా, పద్ధతి వల్లా అన్నది ఎవరూ చెప్పలేరు. అన్ని వయసులకూ ఒకే పద్ధతి పెట్టండి. ఒకే రోజు పసివాళ్ల ముక్కలన్నీ, మరో రోజు పెద్దపిల్లలవన్నీ చేయకండి, కలిపి చేయండి. నియున్ (ఎదిగిన న్యూరాన్ల గుర్తు) రంగు పట్టిన కేంద్రకాలనే యంత్రంతో ఏరే అలవాటుంటే అదీ చూసుకోండి. ఇంకా ఎదగని న్యూరాన్లకు నియున్ సరిగా అంటదు, చిన్నమెదడులోని పర్కింజీ కణాలకైతే అసలే అంటదు. ఆ వడపోత పెడితే మీరు వెతుకుతున్న పసికణాలే బయట పడిపోతాయి.

ఎంత బాగా నూరినా ముక్క మంచిది కాకపోతే ఏమీ చేయలేం. మరణానికీ గడ్డకట్టించడానికీ మధ్య గడిచిన గంటలు, శరీరాన్ని ఎంత త్వరగా చల్లబరిచారన్నది, కణజాలం పీహెచ్, పక్క ముక్కలో ఆర్‌ఎన్‌ఏ నాణ్యత అంకె, ఈ నాలుగూ రాసి ఉన్న ముక్కలనే తీసుకోండి. నాణ్యత అంకె 6 కంటే తక్కువైతే పక్కన పెట్టడమే నయం. ఫార్మాలిన్‌లో ఏళ్లుగా నిలవున్న ముక్కలకు ఈ పద్ధతి పనికిరాదు, వాటికి ప్రోబులతో చదివే పద్ధతులు వేరే ఉన్నాయి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. బహిరంగంగా దొరికే పిల్లల మెదడు డేటా దించుకుని గుంపులు కట్టాను. ఆటిజం ఉన్న పిల్లల్లోనే కనిపించే ఓ కొత్త గుంపు దొరికింది. పి-విలువలో (తేడా లేకపోయినా ఇలాంటిది కాకతాళీయంగా కనిపించే అవకాశం) దశాంశ బిందువు తర్వాత నలభై సున్నాలు. ఇది కనుగొన్నట్టేనా?

జవాబు: ఆ నలభై సున్నాలే అనుమానించాల్సినవి. లక్ష కేంద్రకాలున్నా అవి ఆరుగురు పిల్లలవైతే మీ సంఖ్య ఆరు. ఒకే బిడ్డ కణాలు ఒకదానితో ఒకటి పోలి ఉంటాయి. వాటిని విడివిడి సాక్షులుగా లెక్కేస్తే ఏ చిన్న తేడా అయినా కొండంత అవుతుంది. ఒక్కో బిడ్డకి, ఒక్కో కణరకానికి చదివిన సంఖ్యలన్నీ కూడి ఒక్క వరుస చేయండి. ఆ వరుసల మీద జన్యువుల తేడాలు లెక్కగట్టే ప్రోగ్రాములు డీసెక్2 గానీ ఎడ్జ్‌ఆర్ గానీ నడపండి. వయసు, ఆడా మగా, బ్యాచ్, మరణం తర్వాత గడిచిన గంటలు మోడల్లో పెట్టండి. వయసును నేరుగా కాకుండా లాగరిథమ్‌లో పెట్టండి. మూడో నెలకూ తొమ్మిదో నెలకూ మెదడులో ఉండే తేడా పదమూడో ఏటికీ పద్నాలుగో ఏటికీ ఉండదు. రెండు జట్లలో వయసులు కలవకపోతే, అంటే ఒక జట్టు సగటు నాలుగేళ్లు, రెండోది పదకొండేళ్లు అయితే, ఏ మోడలూ మిమ్మల్ని కాపాడదు.

కొత్త గుంపు అంటే ముందు జంటలేమో చూడండి. ఒకే చుక్కలో రెండు కేంద్రకాలు పడితే అవి ఒక్కటిగా చదవబడతాయి. కేంద్రకాలను చుక్కల్లో బంధించే టెన్‌ఎక్స్ పరికరంలో, మొన్నటిదాకా వాడిన చిప్‌లతో పదివేలు రాబట్టుకుంటే సుమారు 8 శాతం ఇలాంటివే. ఒకే గుంపులో ఎస్‌ఎల్‌సీ17ఏ7, ఎంబీపీ జన్యువులు రెండూ గట్టిగా వెలుగుతుంటే అది కొత్త కణం కాదు, ఉత్తేజక న్యూరానూ తొడుగు వేసే కణమూ కలిసి పడ్డాయి. స్క్రబ్లెట్ లాంటి ప్రోగ్రాములు వీటిలో చాలా పడతాయి, కానీ ఒకే రకానికి చెందిన రెండు పడితే దొరకవు. ఆ తర్వాత ద్రవంలో తేలే ఆర్‌ఎన్‌ఏ. న్యూరాన్లలో ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ కాబట్టి చిట్లిన న్యూరాన్ల సరుకు గ్లియా చుక్కల్లోకి చేరి, ఆస్ట్రోసైట్ అనే గ్లియా కణం న్యూరాన్‌లా మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. సెల్‌బెండర్ లేదా సూప్‌ఎక్స్ ప్రోగ్రాముతో దాన్ని తీసేసి మళ్లీ చూడండి. మీ గుంపు ఇంకా నిలిస్తే, కనీసం ముగ్గురు పిల్లల్లో, ఒకటి కంటే ఎక్కువ బ్యాచుల్లో ఉందా అని చూడండి. ఒక్క బిడ్డదే అయితే అక్కడితో ఆపేయండి.

పిల్లల డేటాకే ప్రత్యేకమైన ఉచ్చు ఇంకొకటుంది. పెద్దవాళ్ల అట్లాసుతో పేర్లు పెట్టించారా? సాఫ్ట్‌వేర్ ప్రతి పసికణానికీ దగ్గరలో ఉన్న పెద్దకణం పేరు అంటగడుతుంది, తెలియదు అనదు. పీవాల్బ్ ఇంటర్‌న్యూరాన్లు శిశువుల్లో ఉంటాయి కానీ పీవాల్బ్ జన్యువు ఆలస్యంగా వెలుగుతుంది. ఆ ఒక్క గుర్తుతో వెతికితే, ఆ కణాలే లేవని రాసేస్తారు. ఎల్‌హెచ్‌ఎక్స్6 జన్యువుతో ఆ వంశాన్ని పట్టుకుని, అందులో ఎస్‌ఎస్‌టీ జన్యువు వెలిగేవాటిని పక్కన పెట్టి చూడండి. అలాగే బ్యాచ్ తేడాలు చెరిపే పద్ధతిని మరీ గట్టిగా తిప్పితే వయసు తేడా కూడా చెరిగిపోయి నవజాత శిశువూ యువకుడూ ఒకే గుంపులో కూర్చుంటారు. చివరగా, ఆడపిల్లల కణాల్లో వెలిగే ఎక్స్‌ఐఎస్‌టీ, మగపిల్లల వై క్రోమోజోము జన్యువులు చూసి, ఆడపిల్ల అని రాసిన శాంపిల్ ఆడపిల్లదేనా అని సరిచూడండి. ట్యూబులు తారుమారవడం మీరనుకునే దానికంటే మామూలు.

ప్రశ్న: ఎమ్మారై తీస్తే పాపకి ఏ రకం కణాలు ఎన్ని ఉన్నాయో తెలుస్తుందా? (హోసూరు రోడ్డు)

జవాబు: తెలియదు. మామూలు ఎమ్మారై బొమ్మలో ఒక చుక్క దాదాపు ఒక ఘన మిల్లీమీటరు. కార్టెక్స్‌లో అంత చోట్లో వేలకు వేల న్యూరాన్లుంటాయి, వాటితో పాటు గ్లియా. ఆకారం, మైలిన్ ఎంతవరకు పట్టింది, గాయం, గడ్డ ఇవి కనిపిస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. ఫిట్స్ మందులకు లొంగడం లేదు, ఆపరేషన్ చేస్తామన్నారు. కార్టెక్స్ ఒకచోట సరిగ్గా అమరలేదట. తీసిన ముక్కలో కొంత పరిశోధనకు ఇస్తారా అని అడిగారు. రక్తంతో జన్యు పరీక్ష చేయిస్తే అంతా మామూలుగానే ఉంది. మళ్లీ మెదడు ముక్కలో ఏం చూస్తారు? ఇవ్వొచ్చా? (ఓ తండ్రి, బొమ్మనహళ్లి)

జవాబు: రక్తంలో లేనిదే అందులో వెతుకుతారండీ. మెదడు ఏర్పడేటప్పుడు ఒకానొక మూలకణంలో జన్యువు మారితే, ఆ కణం సంతానానికే ఆ మార్పు వస్తుంది. రక్తకణాలు వేరే వంశం కాబట్టి వాటిలో కనపడదు. ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేజియా అనే ఈ రకం లోపంలో చాలామందికి కణం ఎదుగుదలను నడిపే ఎంటార్ దారిలోని జన్యువులు అలా మారి ఉంటాయి. మారిన కణాలు ముక్కలో కొద్ది శాతమే ఉండొచ్చు. వాటివల్ల వంకర న్యూరాన్లు, కొన్ని రకాల్లో ఉబ్బిన బెలూన్ కణాలు కనిపిస్తాయి. ఏ రకం కణం చెడింది, పక్కనున్న మంచి కణాలు ఎందుకు దాని బాట పడుతున్నాయి అన్నది ఒక్కో కణాన్నీ విడిగా చదివితేనే తెలుస్తుంది. మీవాడి వయసులో ఇలాంటి ముక్క దొరకడం అరుదు, అందుకే అడుగుతున్నారు.

పరిశోధన కోసం ఒక్క మిల్లీమీటరు కూడా అదనంగా కోయరు, కోయకూడదు. ఆపరేషన్ హద్దు ముందే నిర్ణయమై ఉంటుంది. తీసిన దాన్ని మొదట పాథాలజిస్టు చూసి, మీ బాబు రోగనిర్ధారణకు కావలసినంత ఫార్మాలిన్‌లో పెట్టుకుంటారు. మిగిలిన దాంట్లో కొంత వెంటనే గడ్డకట్టిస్తారు. బతికున్న కణాల విద్యుత్తు కొలవాలంటే కొంత ముక్కను ఆక్సిజన్ బుడగలు వదులుతున్న చల్లటి కృత్రిమ మెదడు ద్రవంలో వేసి నిమిషాల్లో ల్యాబుకి పరుగెత్తిస్తారు. ముందు రోగనిర్ధారణ, తర్వాతే పరిశోధన అన్న వరుస కాగితంలో స్పష్టంగా ఉందో లేదో చూడండి.

ఇవ్వొచ్చు. ఇవ్వకపోయినా వైద్యంలో తేడా రాకూడదు, ఆ మాట కూడా కాగితంలో ఉండాలి. సంతకానికి ముందు వీటిని అడగండి: బాబు పేరు తీసేసి నంబరు పెడతారా, జన్యు సమాచారం దేశం దాటుతుందా, ముక్క ఎన్నేళ్లు దాస్తారు, మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా, వైద్యానికి పనికొచ్చే ఫలితం దొరికితే మీకు చెబుతారా. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పి నోటిమాటగా ఒప్పుకోలు తీసుకోవాలి. కాబట్టి బాబుతో కూడా మాట్లాడమనండి. పరిశోధనలో తేలింది నేరుగా రిపోర్టుగా రాదు, వైద్య ల్యాబులో మళ్లీ నిర్ధారించాకే డాక్టరు దాని మీద నిర్ణయం తీసుకుంటారు. కన్నడలోనో ఇంగ్లీషులోనో ఉన్న ఫారం అర్థం కాకపోతే తెలుగులో చదివి వినిపించమని అడిగే హక్కు మీకుంది. సంతకం పెట్టాక ఒక ప్రతి, దాని మీద అధ్యయనం నంబరు రాయించుకుని ఫైల్లో ఉంచుకోండి.